దానయ్య ముడి

నేను ఒక వలని. వల అనగానే మీకు చేపలు గుర్తుకొస్తాయి, అందులో మీ తప్పేమీ లేదు. నన్ను అల్లినవాడు చేపలవాడే, అల్లిన చోటు సముద్రపొడ్డే, అల్లిన దారం కూడా కవళ్ళ చేపలు పట్టే వలకి పోగా మిగిలిన నైలాను దారమే. అయితే నా పని వేరు. నేను గవ్వలపేట సీస్టార్ ఫుట్‌బాల్ క్లబ్బు వారి గోలు వలని. ముప్పై ఏళ్ళకి పైగా ఆ క్లబ్బుకి నేనొక్కదాన్నే వలని.

రెండు గోలు కొసలకి ఒక్క వలేమిటని మీకు అనుమానం రావచ్చు. గవ్వలపేట మైదానానికి పడమటి కొసన బడి గోడ ఉంది. అటు కొట్టిన బంతి గోడకి తగిలి దానంతటదే తిరిగొస్తుంది. తూర్పు కొసన మాత్రం సముద్రం ఉంది. అటు పోయిన బంతి సామాన్యంగా తిరిగి రాదు. అందుకని గోడ ఉన్నవైపు వల దండగ అనీ, సముద్రం ఉన్నవైపు ఒకటుంటే చాలుననీ పెద్దలు తేల్చారు. ఆ పొదుపు వల్ల నాకు జత లేకుండా పోయింది. బూట్లకి జత ఉంది, జెండాలకి జత ఉంది, ఆఖరికి గోలు కర్రలకి కూడా జత ఉంది. నేను నూరు గజాల అవతలి ఖాళీ కర్రల్ని చూసుకుంటూ బతికాను. వీపు వెనక ఎప్పుడూ సముద్రం హోరు. ఆట ఉన్న రోజు గంటన్నర సందడి, తర్వాత మళ్ళీ నేనూ, హోరూ.

క్లబ్బు పెట్టింది ఐజాక్ మాస్టారు. టౌను నించి డ్రిల్లు మాస్టారుగా వచ్చాడు. వచ్చేనాటికి బడిలో పేర్లు తొంభై, పిల్లలు పదకొండుమంది. తక్కినవాళ్ళంతా తండ్రుల వెంట తెప్పల మీద ఉండేవారు. ఆయన ఎవర్నీ బతిమాలలేదు, ఒక బంతి తెచ్చి ఇసకలో పడేశాడు. పలకకి రాని పిల్లలు బంతికి వచ్చారు, వాళ్ళ వెనకాలే పెళ్ళిళ్ళయిన మగాళ్ళూ వచ్చారు. ఇసకలో పరిగెత్తి పెరిగిన కాళ్ళు, గట్టి నేల మీద వాళ్ళని ఆపేవాడు లేడు. రెండేళ్ళు తిరిగేసరికి సీస్టార్ అంటే చుట్టుపక్కల జట్లకి హడల్ పుట్టింది. ఆ రెండేళ్ళలోనూ తొమ్మిది బంతులు సముద్రానికి సమర్పణ అయ్యాయి. బంతి కర్రల లోపల్నించి పోయిందా, బయటనించి పోయిందా అన్న దాని మీద నాలుగు తగువులూ, ఒక తల పగలడమూ జరిగాయి. అప్పుడు మాస్టారు సూరాడ దానయ్యని పిలిచి వల అల్లమన్నాడు.

దానయ్యకి అప్పటికి ఇరవయ్యారేళ్ళు. సీస్టార్ గోలుకీపరు. అంతకన్నా ముఖ్యంగా ఆ తీరంలో వలలు అల్లేవాళ్ళలో మొనగాడు. అతని ముడి విప్పడం కన్నా కోసెయ్యడం తేలిక అని చెప్పుకునేవారు. నన్ను ఇరవై రోజులు తన అరుగు మీద అల్లాడు. కొత్తగా కాపరానికొచ్చిన భార్య నీలమ్మ వెదురు సూదికి దారం చుట్టి అందించేది. సందుకి అవతలి ఇంటి గుమ్మంలో పోలరాజు కూర్చుని వెక్కిరించేవాడు. పోలరాజు దానయ్య చెల్లెలి మొగుడు. ఒకరినొకరు బావా అంటే బావా అనుకునేవాళ్ళు. ఒకడు గోలు కాస్తాడు, ఒకడు గోలు కొడతాడు. ఇద్దరూ ఒక్క బోటు మీదే వేటకి పోయేవారు.

"బావా, ఈ వలలో చందువా పడితే నాకు సగం ఒగ్గాల," అనేవాడు పోలరాజు.

"ముందు నీ బంతి పడనీ బావా, తరవాత సూద్దాం," అనేవాడు దానయ్య, తలెత్తకుండా.

నా జీవితంలో నేను సుఖంగా ఉన్న రోజులు అవే. మనుషులు ఎదురెదురు అరుగుల మీద కూర్చుని మాట్లాడుకుంటూ ఉంటే మధ్యలో ఒడిలో పడి ఉండడం కన్నా వలకి కావలసింది ఏముంది?

ఇక్కడ మా ఊరి వాడుక ఒకటి చెప్పాలి, లేకపోతే జరిగింది మీకు బోధపడదు. గవ్వలపేటలో కొత్త వల ఏదైనా సరే, కింది మూల ఒక కన్ను మాత్రం ముడి వెయ్యకుండా పెద్దగా ఒదిలేస్తారు. దాన్ని గంగమ్మ కన్ను అంటారు. పట్టిన దాంట్లో ఆవిడ వాటా ఆవిడ ఆ కన్నులోంచి తీసుకుంటుందని నమ్మకం. ఆ దారి మూసి వేటకి పోతే ఆవిడ తన వాటా బోటులోంచి తీసుకుంటుందట, అంటే మనిషిని. దానయ్య చేతులకి అది ఊపిరంత అలవాటు. ఆలోచించకుండానే నా కుడివైపు కింది మూల గంగమ్మ కన్ను ఒదిలేశాడు.

మాస్టారు నన్ను కర్రలకి కట్టించి, చుట్టూ తిరిగి చూసి, ఆ మూల ఆగిపోయాడు.

"ఇదేంటి దానయ్యా, బంతి పట్టేంత బొక్క పెట్టావు?"

"గంగమ్మ కన్నండి మేస్టారూ. కొత్త వలకి ఒగ్గాల."

"ఇది చేపల వల కాదు కదయ్యా."

"ఆ సంగతి మనకి తెలుసు. ఆవిడకెలాగ తెలుస్తాదండి?"

మాస్టారు చర్చికి పోయే మనిషి, వాదన పెంచలేదు. చివరికి రాజీ కుదిరింది. మామూలు రోజుల్లో కన్ను తెరిచే ఉంటుంది, ఆట ముందురోజు దానయ్య దాన్ని చిన్న తాడుతో మూసి ముడేస్తాడు, ఆట అయ్యాక విప్పేస్తాడు. మూడేళ్ళు ఇలాగే నడిచింది. మనుషులు దేవుళ్ళతో చేసుకునే ఒప్పందాలన్నీ ఇలాగే ఉంటాయి, వాళ్ళకి వీలైన రోజున మాత్రమే అమలు.

తొంభై ఒకటో సంవత్సరం మాఘమాసంలో తాలూకా కప్పు ఆఖరి ఆట మా మైదానంలోనే పడింది. ఎదురు జట్టు టౌనుది. గెలిచినవాళ్ళు జిల్లా లీగులోకి పోతారు. జిల్లా లీగు అంటే గవ్వలపేటకి మాటలు కాదు. ఐజాక్ మాస్టారు వారం రోజులుగా అన్నం సరిగ్గా తినలేదు. ముందురోజు దానయ్య వచ్చి గంగమ్మ కన్ను మూసి, తాడు రెండుసార్లు లాగి చూసుకున్నాడు.

ఆ సాయంత్రమే పోలరాజు వాళ్ళ అన్న ఎర్రయ్య బోటు రావాలి, రాలేదు. గాలి తిరిగింది. తెల్లారేసరికి రెండు బోట్లు వెతకడానికి పోయాయి. ఆటగాళ్ళు కూడా పోతామన్నారుగానీ, మీరు పోతే టౌనువాళ్ళకి ఆడకుండానే కప్పిచ్చేసినట్టు, మీరు ఆడండి, మేం వెతుకుతాం అని పెద్దలు ఆపారు.

పొద్దు పొడుస్తూండగా దానయ్య ఒక్కడూ నా దగ్గరికొచ్చాడు. సముద్రం వైపు చాలాసేపు చూశాడు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని నిన్న తను వేసిన ముడి విప్పడం మొదలుపెట్టాడు. అది అతనికే లొంగలేదు. గోళ్ళతో కాక, పళ్ళతో లాగి విప్పాడు. పెదవి చీరుకుంది.

"నీ వాటాకి అడ్డం కట్టినాను, నాదే తప్పు తల్లీ," అన్నాడు మెల్లిగా. "బంతి కావాలంటే బంతి అట్టుకుపో. మనిసిని ఒగ్గీ."

తాడు ముక్క జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. అక్కడ నేను తప్ప మరెవరూ లేరనుకున్నాను. నా ముందున్నది నాకు బాగా కనిపిస్తుంది. వెనక ఒడ్డున లాగి పెట్టిన బోట్ల చాటున ఏముందో నాకు కనపడదు.

ఆట మొదలయ్యే ముందు మాస్టారు అడిగాడు, "కట్టావా?" అని. "నిన్నే కట్టినానండి," అన్నాడు దానయ్య. అబద్ధం కాదు. నిజం మొత్తం కూడా కాదు.

మొదటి సగం దానయ్య నా ముందు నిలబడ్డాడు. నాలుగు బంతులు ఆపాడు, ఒకటి నా దాకా వచ్చేదే, వేళ్ళ చివరతో పైకి తోశాడు. ఆ రోజు ఆడినట్టు అతను ఎప్పుడూ ఆడలేదు. నా కుడి మూలకి ఒక్క బంతి కూడా రానివ్వకూడదని ఆడాడని నాకొక్కదానికే తెలుసు. రెండో సగం జట్లు కొసలు మారాయి. అతను బడి గోడ దగ్గరికి పోయాడు, నా ముందు టౌను కుర్రాడెవడో నిలబడ్డాడు.

ఇంకా పది నిమిషాలు ఉందనగా పోలరాజు ఎడమవైపు నించి వచ్చాడు. ఇద్దర్ని తప్పించుకుని నేల మీదుగా కొట్టాడు. కుడి కర్రకి జానెడు లోపలగా, తిన్నగా నా కింది మూలకి వచ్చింది. అది గోలు. దానికి నాకన్నా మంచి సాక్షి లేదు. కానీ బంతి ఎక్కడా ఆగలేదు. గంగమ్మ కన్నులోంచి దూరి, తడి ఇసక మీద దొర్లుకుంటూ పోయి అలలో పడింది.

రిఫరీ భారీ మనిషి, మైదానం మధ్యలో ఆయాసపడుతున్నాడు. ఆయన తలెత్తేసరికి బంతి సముద్రంలో తేలుతోంది. సముద్రంలో ఉన్న బంతి గోలెలా అవుతుందని ఆయన లెక్క. బంతి బయటికి పోయింది, గోలు కిక్కు అన్నాడు. ఊరు ఊరంతా మీద పడింది. ఆయన వచ్చి నన్ను చూశాడు, మూల బొక్క చూశాడు, నేను చూసినదే చెబుతాను తప్ప మీ వల చూసింది నేను చెప్పలేను అన్నాడు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. మాస్టారు తన కుర్రాళ్ళని వెనక్కి లాక్కుపోయాడు. ఆ గొడవ సద్దుమణిగి ఆట మళ్ళీ మొదలయ్యాక, ఆఖరి నిమిషంలో టౌనువాళ్ళు గోడ వైపు గోలు కొట్టారు. అంత ఆపలేని బంతి కాదు. దానయ్య చూపు బంతి మీద లేదు, నా మీదా నా వెనక నీళ్ళ మీదా ఉంది.

చీకటి పడకముందే ఎర్రయ్య బోటు వచ్చింది. ఇంజను చెడిపోయి పక్క ఊరి రేవుకి కొట్టుకుపోయిందట. మధ్యాహ్నానికే ఒడ్డు చేరి, అక్కడి చుట్టాలింట్లో పీతల కూరతో అన్నం తిని, ఒక కునుకు తీసి మరీ బయల్దేరారట. పోలరాజు బంతి నాలోంచి దూరిపోయే వేళకి ఎర్రయ్య గురక పెడుతున్నాడన్నమాట. గంగమ్మకి బంతి అదనం.

అప్పుడు మాస్టారు దానయ్యని నలుగురిలో నిలబెట్టి అడిగాడు. "కట్టానన్నావు. మరి ఎలా తెరుచుకుంది?"

విప్పానని చెప్పొచ్చు. కానీ ఎర్రయ్య ఎదురుగా, బోటు దిగిన బట్టలతో నిలబడి ఉన్నాడు. నీకోసమే విప్పానని చెబితే బతికున్నన్నాళ్ళూ అతని నెత్తిన బరువు పెట్టినట్టు. ఎలాగూ తిరిగొచ్చేవాడికి కప్పు ధారపోశావా అని కుర్రాళ్ళు పీక్కు తింటారు. దానయ్య నేలచూపులు చూశాడు.

"ముడి ఊడిపోయినట్టుందండి."

దానయ్య ముడి ఊడిపోవడం అంటే గవ్వలపేటలో పొద్దు పడమట పొడిచినట్టు. పోలరాజు ఒక్కసారి అతని మొహం వైపు చూశాడు. నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. తన చొక్కా దులుపుకుని ఇంటికి పోయాడు. ఆ తర్వాత ఆ ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోగా నేను వినలేదు.

పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటారే, అది దానయ్యకి జరిగింది. ఊళ్ళో కొత్త సామెత పుట్టింది. ఎన్నికల మాట, దళారీ బేరం, బాగుచేసిన ఇంజను, దేన్ని నమ్మకూడదో దాన్ని 'దానయ్య ముడి' అనడం మొదలైంది. వలల పని పొరుగూళ్ళకి పోయింది. దానయ్య గోలు కాయడం మానేశాడు. వేటకి వేరే బోటు చూసుకున్నాడు. ఓడిపోయినందుకన్నా, నీలమ్మ నీళ్ళకి పోతే చెంబుకి తాడు కట్టుకుంటున్న ఆడవాళ్ళు ఆ సామెత అని నవ్వినందుకు అతను ఎక్కువ బాధపడ్డాడు. ఆ రోజు నా మీద కూర్చుని చాలాసేపు ఉన్నాడు. నాకు నోరుంటే ఆ రోజు ఊళ్ళోకి పోయి అరిచేదాన్ని.

పోలరాజు మరుసటేడు వేరావల్ పోయాడు. గుజరాత్‌లో పెద్ద బోట్ల మీద పని. మా తీరంలో సగంమంది మగాళ్ళ దారి అదే. ఏడాదికి ఎనిమిది నెలలు అక్కడ, వేట ఆపిన నాలుగు నెలలు ఇక్కడ. ఇక్కడున్న నాలుగు నెలలూ మైదానం వైపు వచ్చేవాడు కాదు. పెళ్ళిళ్ళలో దానయ్య ఈ పంక్తిలో కూర్చుంటే అతను ఆ పంక్తిలో కూర్చునేవాడు. గోలు పోయిందన్న కోపం ఇంకా తీరలేదని ఊరు అనుకుంది, దానయ్య అనుకున్నాడు, నేనూ అనుకున్నాను. ప్రతి వేసవిలోనూ దానయ్య నన్ను అరుగు మీద పరుచుకుని బాగు చేసేవాడు. తెగిన కన్ను తీసి కొత్త కన్ను వేసేవాడు. తల వంచుకునే ఉండేవాడుగానీ చెవి మాత్రం సందు అవతలే. పోలరాజు గుమ్మం తలుపు చప్పుడైతే సూది ఆగేది. అడుగులు వీధిలోకి మళ్ళిపోతే మళ్ళీ కదిలేది.

"ఒక్కమాటు తిట్టినా బాగున్ను," అన్నాడు ఒకసారి నీలమ్మతో.

"పోయి నువ్వే పలకరించు."

"ఏటని పలకరించను? నాను ఇప్పినానని ఇప్పుడు సెప్తే, మీ అన్న కోసం సేసినాను బావా అని సెయ్యి సాపినట్టుంటాది."

క్లబ్బు నెమ్మదిగా చితికిపోయింది. మాస్టారు రిటైరై టౌనుకి పోయాడు, కొన్నాళ్ళకి అక్కడే పోయాడు. ఆడే వయసు వాళ్ళంతా వేరావల్‌కో పారాదీప్ రేవుకో వలసపోయారు. గోలు కర్రలు ఎవరో పొయ్యిలోకి తీసుకుపోయారు. నన్ను చుట్టి దానయ్య ఇంటి అటక మీద పెట్టారు. ఆరేళ్ళున్నాను అక్కడ, ఎలకలతో. సముద్రం హోరు మాత్రం పెంకుల్లోంచి వినిపించేది. నేనసలు దేనికి పుట్టానో మర్చిపోతానేమోనని భయం వేసేది.

ఆ తర్వాతి కథ గౌరిది. గౌరి పోలరాజు కూతురు. తండ్రి వేరావల్‌లో ఉంటే ఈ పిల్ల బడి గోడకి బంతి కొడుతూ పెరిగింది. కొట్టి కొట్టి, పరుగు పందేల్లో గెలిచి, వ్యాయామ శిక్షణ చదివి, చివరికి అదే బడికి డ్రిల్లు టీచరుగా వచ్చింది. వచ్చిన మొదటి వారం మేనమామ గుమ్మంలో నిలబడింది.

"మావా, మీ కాడ పాత వల ఉందంట."

"మీ అయ్యకి తెలిస్తే ఏటంటాడో."

"మా అయ్యకి వల మీద పనేటి మావా? నాకుంది."

పన్నెండు రోజులు కూర్చుని దానయ్య నన్ను బాగు చేశాడు. మొదట అల్లిన దారం నాలో గుప్పెడైనా మిగిలిందో లేదో. గంగమ్మ కన్ను ఒదిలాడు, దాని మీద ఇంకో ముక్క అల్లి గట్టిగా మూసి కుట్టాడు. ఈసారి వెనకాడలేదు. ఇద్దరికీ న్యాయం చేశానని అనుకున్నట్టున్నాడు.

గౌరి ఆడపిల్లల జట్టు పెట్టింది. నిక్కర్ల దగ్గర తల్లులు నెలరోజులు పోట్లాడారు, తర్వాత వాళ్ళే వచ్చి గట్టున కూర్చుని చేపలు పుల్లలకి గుచ్చుకుంటూ అరవడం మొదలుపెట్టారు. ఆడపిల్లలు గెలుస్తుంటే చూడలేక మగపిల్లలూ వచ్చారు. సీస్టార్ మళ్ళీ లేచింది. నాలుగేళ్ళ కిందట మగపిల్లలు జిల్లా లీగులోకి వెళ్ళారు, తొంభై ఒకటిలో జారిపోయిన మెట్టు అదే. నిరుడు ఆడపిల్లలు జిల్లాలో మొదటొచ్చి రాష్ట్రం లీగు ఆడారు. పత్రికలో ఫోటో పడింది. ఎవరో దొరలు వచ్చి చూసి, అల్యూమినియం గోలు కర్రలూ, రెండు కొసలకీ యంత్రం మీద అల్లిన తెల్లటి వలలూ ఇప్పించారు. జీవితమంతా నాకు లేని జత, నన్ను దించిన రోజున వాటికి దొరికింది. వాటి మీద నాకు అసూయ లేదని చెప్పను.

గౌరి నన్ను మడతపెట్టి దానయ్యకి అప్పగించింది. అప్పటికే అతనికి ఊపిరితిత్తులు పాడయ్యాయి. నన్ను మంచం మీద తల కింద పెట్టుకునేవాడు. కిందటి మార్గశిరంలో ఒక రోజు గౌరి తండ్రికి ఫోను కలిపి మేనమామ చెవి దగ్గర పెట్టింది. దానయ్య "బావా" అన్నాడు. ఫోనులో బోటు ఇంజను చప్పుడు వినిపించింది, ఎవరో ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించింది. మాట రాలేదు. కాసేపటికి ఫోను ఆగిపోయింది.

"ఏటన్నాడు?" అన్నాడు దానయ్య.

"లైను పోయింది మావా. ఆరోగ్యం సూసుకోమంటున్నాడు."

"అన్నాడా?"

"అన్నాడు."

దానయ్య కళ్ళు మూసుకున్నాడు. నమ్మాడో లేదో నేను చెప్పలేను. ఆ వారంలోనే పోయాడు. అతన్ని నా మీంచి ఎత్తి తీసుకుపోయాక కూడా నాలో ఆ తల గుంట కొన్నాళ్ళు అలాగే ఉంది.

నీలమ్మ వస్తువుల్ని ఏడుస్తూ దాచుకునే మనిషి కాదు. నన్ను ఒడ్డుకి తీసుకుపోయి ఎండుచేపల మీద పరిచింది, కాకులు రాకుండా. మైదానం పక్కనే. పిల్లల అరుపులు, ఈల, బంతి దెబ్బ, అన్నీ వినిపిస్తాయి. చూడ్డానికి ఆకాశం తప్ప ఏమీ లేదు. సాయంత్రం ఆవిడ ఒక్కతే నన్ను మడిచేది. నా పొడవు ఎనిమిది గజాలు, ఒక మనిషికి మడవడం కష్టం. ఆ కొసకీ ఈ కొసకీ నాలుగుసార్లు తిరిగేది.

ఈ వేసవిలో పోలరాజు వేరావల్ నించి వచ్చేశాడు, ఇక పోనని. మోకాళ్ళు పోయాయి. క్లబ్బుకి నలభై ఏళ్ళు నిండాయని గౌరి సభ పెట్టింది. పాత ఆటగాళ్ళలో మిగిలినవాళ్ళకి శాలువాలు కప్పాలని, తండ్రిని కూడా పిలిచింది. సభ రోజు పొద్దున్న పోలరాజు చేపలు ఆరబెట్టే చోటికి వచ్చాడు. కర్ర ఊతంతో నిలబడి, నన్ను చూసి గుర్తుపట్టి, ఒక అడుగు వెనక్కి వేశాడు.

"అప్పా," అన్నాడు నీలమ్మతో.

ఆవిడ చేపలు తిరగేస్తూనే ఉంది. "సెప్పు తమ్ముడా."

"ముడి ఊడిపోనేదప్పా. బావే ఇప్పినాడు. పళ్ళతో ఇప్పినాడు. నాను బోటు సాటున ఉన్నాను, అంతా సూసినాను."

నీలమ్మ చెయ్యి ఆగింది.

"మా అన్న కోసం ఇప్పినాడని తెలుసు. వద్దని అరవొచ్చు, అరవనేదు. మా అన్న రావాలని నాకూ ఉంది కదా. మరి గోలు పోనాక అందరూ ఆడి మీద పడితే, నానూ సూసినాను, నానూ ఊరుకున్నాను అన్న మాట నోట్లోంచి రానేదు. ముడి ఊడిపోనాదని సెప్పి ఆడు తన పేరు తనే సెడగొట్టుకున్నాడు. నాను సూస్తా నిలబడ్డాను. ఇంక ఆడి మొకం ఎలాగ సూడను?"

"ఆయన నీకు గోలు పోనాదని కోపం అనుకున్నాడు," అంది నీలమ్మ. "పోయేదాకా అదే అనుకున్నాడు."

పోలరాజు ఇసక మీద కూలబడ్డాడు. ఆవిడ అతన్ని ఓదార్చలేదు. నాకు ఆవిడ మీద ఆ క్షణంలో గౌరవం కలిగింది.

"నాకెందుకు సెప్పడం? ముడి సంగతి నాకు ఆయన సెప్పినాడు. ఊరికి తెలీదు. ఊరికి సెప్పు."

ముప్పై ఏళ్ళకి పైగా నేను ఒక మనిషి కోపాన్ని తలుచుకుని కుమిలిపోయాను. అది కోపమే కాదట, సిగ్గట. మనుషుల మొహాల మీద ఆ రెండూ ఒక్కలాగే ఉంటాయని ఇన్నాళ్ళూ నాకు తెలియలేదు.

నాలుగింటికి సభ మొదలైంది. నేను ఎండుచేపల మీద పడుకుని మైకు విన్నాను. వందనాలు, వరసగా పేర్లు, చప్పట్లు. తర్వాత గౌరి తండ్రి పేరు పిలిచింది. కర్ర టకటకమంటూ మెట్లెక్కింది. నీలమ్మ చేతిలో చేప అలాగే ఉండిపోయింది.

"ఈ ఊర్లో ఒక సామెత ఉంది," అన్నాడు పోలరాజు. "అది అబద్దం."

పొద్దున్న చెప్పినదంతా చెప్పాడు. అన్న పేరు దాచలేదు, తన పేరు అసలే దాచలేదు. "సూరాడ దానయ్య ఏసిన ముడి ఒక్కటి కూడా ఊడిపోనేదు. ఇకమీద ఎవులైనా ఆ మాట అనాలంటే నా పేరెట్టి అనండి," అని ముగించాడు.

ముందు వరసల్లో పిల్లలు చప్పట్లు కొట్టారు. దానయ్య అంటే ఒకప్పుడు ఒక మనిషని వాళ్ళలో చాలామందికి అప్పుడే తెలిసింది. వెనక నిలబడ్డ ముసలివాళ్ళు చప్పట్లు కొట్టలేదు. ఆ సామెత తెచ్చి వాడింది వాళ్ళే.

పొద్దు వాలాక పోలరాజు శాలువాతోనే మా దగ్గరికి వచ్చాడు. నీలమ్మ చేపలు బుట్టలకెత్తేసి, నన్ను మడవడానికి వంగింది. అతను కర్ర పక్కన పడేసి నా రెండో కొస అందుకున్నాడు. ఇద్దరూ చెరో కొసనీ పట్టుకుని ఇసక దులిపారు.

"ఆ ఒక్క మాట ఇన్నేళ్ళు ఎక్కడ దాసినావు తమ్ముడా?" అంది నీలమ్మ. తిట్టడానికి కాదు, నిజంగానే అడిగింది.

పోలరాజు తన చేతిలోని కొసని ఒక మడత మడిచాడు.

"ఏరావల్లో అప్పా."

వేరావల్ ఎక్కడో నాకు తెలీదు. రెండు పగళ్ళూ రెండు రాత్రులూ రైల్లో పోవాలని వాళ్ళూ వీళ్ళూ అనుకోగా విన్నాను. దానయ్య గుమ్మానికీ పోలరాజు గుమ్మానికీ మధ్య ఉన్న సందు మాత్రం నాకు బాగా తెలుసు. నన్ను విప్పి అడ్డంగా పరిస్తే రెండు గడపలూ అందుతాయి.